రేచుకుక్కల రచ్చబండ

మా అమ్మమ్మది మాచర్ల దగ్గర ఒక పల్లె. ఎండాకాలం సెలవులకి వెళ్తే ఆరుబయట నులకమంచాలు వాల్చి కథలు చెప్పేది. ఆ కథల్లో రాక్షసులు తక్కువ, రేచుకుక్కలు, అంటే గుంపుగా వేటాడే అడవికుక్కలు, ఎక్కువ. అవి తోకల్ని తమ మూత్రంలోనే తడుపుకుని పొదల మీద చల్లుతాయట. ఆ పొదల్లోంచి దూరిన దుప్పికి కళ్ళు మండి, దారి కనపడక నిలబడిపోతుందట. అప్పుడు గుంపంతా చుట్టుముట్టి బతికుండగానే పీక్కుతింటాయట. వాటి ఈల వింటే పెద్దపులి కూడా దారి మార్చుకుంటుందనేది అమ్మమ్మ. ఆవిడ పెదనాన్న ఒకాయన రేచుకుక్కల్ని చంపి, తోకలు చూపించి సర్కారు దగ్గర ఇనాం పుచ్చుకున్నాడని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అది కథ కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో వాటిని చంపినవాళ్ళకి నిజంగానే బహుమతి ఇచ్చేవారు.

నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆ జంతువు గురించి తెలిసింది అంతే.

1983లో గుంటూరులో బీయస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఇల్లు బ్రాడీపేట నాలుగో లైను. మా జువాలజీ మాస్టారు అరండల్‌పేటలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవారు. ఆ రెండు గదుల్లో ఒకటి పూర్తిగా పుస్తకాలదే. ఇంట్లో పాల ఖాతా బాకీ ఉన్న నెలలో కూడా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ చందా మాత్రం కట్టేవారని వాళ్ళావిడ నవ్వుతూనే చెప్పేవారు. ఆ సొసైటీ పత్రిక పోస్టులో వచ్చిన రోజు మాస్టారి నడకలోనే తెలిసిపోయేది.

ఆ ఏడాది వచ్చిన ఒక సంచికలో మొదటి వ్యాసమే 57 పేజీలు. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో పెద్ద మాంసాహారులు, అవి తినే జంతువులు. రాసినాయన పేరు ఎ.జె.టి. జాన్‌సింగ్. మాస్టారు ఆ పుస్తకాన్ని క్లాసుకి పట్టుకొచ్చి, నత్తల స్పెసిమెన్ జాడీల పక్కన పెట్టి, "ఈయన మనలాంటి డిగ్రీ కాలేజీలోనే జువాలజీ చెప్పారు. శివకాశిలో" అన్నారు.

శివకాశి అంటే మాకు దీపావళి టపాసుల పెట్టె మీద కనిపించే ఊరు. అంతకుమించి ఏమీ తెలియదు. ఆ మాటకి క్లాసులో అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "పెద్ద యూనివర్సిటీ కాదు, విదేశం కాదు. వారానికి ఇన్ని పీరియడ్లు చెప్పుకునే లెక్చరరు. అడవిలో రెండేళ్ళు రేచుకుక్కల వెనక తిరిగాడు" అన్నారు. ఆ "లెక్చరరు" అనే మాట దగ్గర ఆయన గొంతు కాస్త ఆగింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళు అదే ఉద్యోగం చేశాక అర్థమైంది.

జాన్‌సింగ్‌గారు 1945లో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పుట్టారు. చిన్నప్పుడే పులులవేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ రాతలు చదివి అడవి పిచ్చి పట్టినవాడు. శివకాశిలో అయ్య నాడార్ జానకీ అమ్మాళ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, 1976 నుంచి 1978 వరకు బందీపూర్‌లో రేచుకుక్కల మీద పనిచేశారు. మదురై విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు దాని మీదే. అంతకుముందు మన అడవుల్లో ఇలాంటి పని చేసినవాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళే. 1963 నుంచి 65 దాకా మధ్యప్రదేశ్ కాన్హా అడవిలో పులుల్ని, జింకల్ని చూసి రాసిన జార్జ్ షాలర్ అందులో పెద్దాయన. స్వేచ్ఛగా తిరిగే ఒక పెద్ద జంతువుని అడవిలోనే ఉండి శాస్త్రీయంగా చదివిన తొలి భారతీయుడిగా జాన్‌సింగ్‌గారిని చెప్పుకుంటారు. ఆ తొలి జంతువు పులి కాదు, సింహం కాదు, ఏనుగు కాదు. అందరూ అసహ్యించుకుని చంపిన రేచుకుక్క. ఆ ఎంపికకి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

పత్రిక ఇంటికి ఇవ్వమని అడిగితే మాస్టారు ఒప్పుకోలేదు. "ఇక్కడే కూర్చుని రాసుకో అమ్మాయ్" అన్నారు. ఆదివారాలు వాళ్ళింటి వరండాలో కూర్చుని పొడుగు నోట్‌బుక్కులో పట్టికలన్నీ ఎత్తి రాసుకున్నాను. మాస్టారి భార్య మధ్యమధ్యలో మజ్జిగ ఇచ్చేవారు. ఇప్పుడైతే ఫోనుతో ఫొటో తీసేదాన్నేమో. చేత్తో రాయడం వల్ల ఒక మేలు జరిగింది. ప్రతి అంకె దగ్గరా "ఇది ఆయనకి ఎలా తెలిసింది?" అనే ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆ పేజీల్లోనే దొరికింది.

మెడకి రేడియో పట్టీలు కట్టి జంతువుని వెతికే సదుపాయం అప్పుడు ఆయనకి లేదు. నడిచేవారు. కొండముచ్చు చెట్టు మీంచి అరిస్తే ఆగేవారు, దుప్పి కూత పెడితే అటు తిరిగేవారు. రాబందులు దిగుతున్నచోట ఏదో చచ్చింది కాబట్టి అక్కడికి వెళ్ళేవారు. చచ్చిన జంతువు ఏది, ఆడా మగా, వయసెంత, ఎవరు చంపారు అని చూసి రాసుకునేవారు. పులి, చిరుత, రేచుకుక్క ఒకే అడవిలో ఒకదాని నోటి దగ్గరది ఒకటి లాక్కోకుండా ఎలా బతుకుతున్నాయన్నది ఆయన ప్రశ్న. పులి కణితి (సాంబారు జింక) లాంటి పెద్ద జంతువుల వైపు మొగ్గుతుంది. రేచుకుక్క ప్రధానంగా చుక్కల దుప్పి మీద బతుకుతుంది, అదీ ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం. ఎవరి వేళ వాళ్ళది, ఎవరి పళ్ళెం వాళ్ళది. ఇది ఊహించి చెప్పడం సులువు. ఒక్కొక్క ఎముక ఏరి చెప్పడం వేరు.

ఇంకో వ్యాసం 1982లో లండన్ పత్రికలో వచ్చింది. దాన్ని మాస్టారి స్నేహితుడొకాయన మద్రాసు నుంచి జిరాక్సు తీయించి పంపారు. అది రేచుకుక్కల కాపురం గురించి. గుంపులో సాధారణంగా ఒక్క ఆడదే పిల్లల్ని పెడుతుంది. మిగతావి వేటకి పోయి, కడుపు నింపుకుని వచ్చి, బొరియ దగ్గర ఉన్న పిల్లల ముందు మాంసం కక్కి తినిపిస్తాయి. పాలిచ్చే తల్లికీ పెడతాయి. కొన్ని వేటకి పోకుండా పిల్లల దగ్గర కాపలా ఉంటాయి.

ఆ దసరాకి మాచర్ల వెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ వత్తులు చేసుకుంటోంది. చెయ్యి ఆపింది.

"పిన్నులూ బాబాయిలూ కూడా పెడతాయంటే?"

"పెడతాయి అమ్మమ్మా. కన్నది ఒకటే, పెంచేది గుంపంతా."

"అయితే మనింటిలాగే ఉందే" అంది. కాసేపాగి, "ఆయన రెండేళ్ళు వాటి వెనక తిరిగాడా? ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా?" అని అడిగింది. ఆ తర్వాత అమ్మమ్మ నోట తోక తడిపే కథ నేను మళ్ళీ వినలేదు. పెదనాన్న ఇనాం సంగతి కూడా ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. పరిశోధన ఫలితం ఒకచోటికి చేరిందని నేను కళ్ళారా చూసిన మొదటిసారి అదే.

మా నల్లమల ఆ 1983లోనే ప్రాజెక్ట్ టైగర్‌లోకి వచ్చింది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో పరుచుకున్న నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద పులుల అడవి. గుంటూరు నుంచి మీటర్ గేజ్ రైలెక్కితే మాచర్ల, అక్కణ్ణించి బస్సు. అంత దగ్గర్లో అడవి పెట్టుకుని మేం కప్పని కోసుకుంటూ కూర్చున్నామని మాస్టారికి బాధ. ఆయన అర్జీలు పెట్టి, అనుమతి కాగితం చేతికి తెచ్చుకునేసరికి 1985 సంక్రాంతి దాటింది. ఆరుగురు పిల్లలం. నాన్నగారు మొదట వద్దన్నారు. ఆడపిల్లని అడవికి ఎలా పంపుతాం అన్నది ఆయన మాట. మాస్టారి భార్య మా ఇంటికి వచ్చి, "నేనూ వెళ్తున్నానన్నయ్యగారూ, మీ అమ్మాయి నా పక్కనే ఉంటుంది" అన్నాక ఒప్పుకున్నారు. ఆవిడకి అడవి మీద ఏ ఆసక్తీ లేదు. మూడు రోజులూ మాకు ఉప్మా, పులిహోర చేసిపెట్టి, చలికి దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. నా చదువులో ఆవిడ వాటా ఎంతో ఏ కాగితం మీదా లేదు.

మాతో ఒక చెంచు పెద్దాయన దారి చూపించడానికి వచ్చారు. అటవీశాఖలో వాచరు. రెండోరోజు పొద్దున్నే మంచులో నడుస్తుంటే రెండు బండిదారులు కలిసేచోట మాస్టారు ఆగిపోయారు. నేల మీద, ఒకదాని పక్కన ఒకటి, పదీ పదకొండు చోట్ల మలం. కొన్ని ఎండి తెల్లబడ్డవి, కొన్ని నిన్నటివి. మాస్టారు మా వైపు తిరిగారు. మాకందరికీ ఆ పేజీ గుర్తొచ్చింది. గుంపుగా బతికే ఈ జంతువులు దారులు కలిసేచోట అందరూ ఒకేచోట మలం వదులుతాయని, అది వాటికి ఒకరి సంగతి ఒకరికి తెలిసే చోటని చదువుకున్నాం. ఎక్కడో బందీపూర్‌లో ఒక మనిషి రాసుకున్న వాక్యం మా కాళ్ళ ముందు నల్లమల మట్టిలో ఉంది.

మాస్టారు దాన్ని మాకు వివరించబోతుంటే చెంచు పెద్దాయన, "ఇది వాటి రచ్చబండ సామీ" అన్నారు.

మాస్టారు వెంటనే నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నారు. రాసుకుని, "మీకు ఇది ఎప్పట్నించి తెలుసు?" అని అడిగారు. "తెలవకపోవడమేంది" అన్నారాయన. ఆ తర్వాత ఆ మూడు రోజులూ మాస్టారు మాట్లాడ్డం తగ్గించి, ఆయన మాట్లాడుతుంటే వింటూ నడిచారు.

ఆ మలాన్ని పొట్లాలు కట్టి, ఏది ఎక్కడ దొరికిందో చీటీ పెట్టి, ఖాళీ డాల్డా డబ్బాల్లో గుంటూరు తెచ్చుకున్నాం. రైల్లో పక్కవాళ్ళు మినపసున్నుండలనుకుని అడిగారు కూడా. ల్యాబులో ఒక్కొక్కటీ నీళ్ళలో నానబెట్టి, టీ వడపోతలో కడిగి, మిగిలిన వెంట్రుకల్ని స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టాం. ముక్కులకి చేతిరుమాళ్ళు కట్టుకున్నాం. ల్యాబ్ అటెండరు తాతయ్య రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

మాంసం అరిగిపోతుంది, వెంట్రుక అరగదు. ఈ పనంతా నిలబడేది ఆ ఒక్కదాని మీదే. వెంట్రుక మధ్యలో ఒక గొట్టంలాంటి భాగం ఉంటుంది. దాని తీరు ఒక్కో జంతువుకి ఒక్కోలా ఉంటుంది. వాచరుగారు ఇచ్చిన పాత దుప్పి చర్మం ముక్క లోంచి ఒక వెంట్రుక తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి మాస్టారు నన్ను చూడమన్నారు. లోపలంతా తేనెపట్టులా గదులు. తర్వాత మలంలోంచి తీసిన వెంట్రుక పెట్టారు. అదే తేనెపట్టు. ఆ క్షణం నా ఒళ్ళు జల్లుమంది. నేను ఆ దుప్పిని చూడలేదు, చంపిన కుక్కల్నీ చూడలేదు. అయినా వారం కిందట ఆ మంచులో ఏం జరిగిందో నా కంటి ముందు ఉంది.

ఎక్కువ స్లైడ్లలో దుప్పే. ఒక దాంట్లో మాత్రం వెంట్రుక దేనితోనూ కలవలేదు. కుందేలు కాదు, దుప్పి కాదు, మేక కాదు. మాలో ఒకడు "కణితి అని రాసేద్దాం సార్, అయ్యుండొచ్చు" అన్నాడు. మాస్టారు రికార్డు తీసుకుని ఆ గడిలో తన చేత్తో "గుర్తించలేదు" అని రాశారు. "ఆయన 57 పేజీలు మనం నమ్మింది ఎందుకనుకున్నావురా? ఇలాంటి గడుల్ని ఆయన నింపలేదు కాబట్టి" అన్నారు. ఆ రికార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎమ్మెస్సీ నాగార్జున విశ్వవిద్యాలయంలో చేశాను. వన్యప్రాణుల మీద పరిశోధన చెయ్యాలని ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్ళాను. లోపల కూర్చున్న ముగ్గురిలో ఒకరు నా జంతువు గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పెళ్ళెప్పుడని అడిగారు. ఆ సీటు నాకు రాలేదు. ఆ కోపం చాలా ఏళ్ళు ఉంది, కొంచెం ఇప్పుడూ ఉంది. 1989లో గుంటూరులోనే లెక్చరరుగా చేరి, 2022లో రిటైరయ్యాను.

ఈ లోపల జాన్‌సింగ్‌గారు 1985లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో చేరారు. 2005 దాకా అక్కడే బోధించారు. అక్కడికి వచ్చిన ఫారెస్టు ఆఫీసర్లనీ, పరిశోధక విద్యార్థులనీ అడవిలో నడిపించారు. నడిపించారు అన్న మాట ఊరికే వాడలేదు. ఆయన గురించి ఎవరు రాసినా ముందు ఆ నడకే రాస్తారు. ఆయన విద్యార్థి రవి చెల్లం గుజరాత్‌లోని గిర్ సింహాల మీద పనిచేశారు. సింహాలన్నీ ఒక్కచోటే ఉంటే ఒక్క రోగం చాలు తుడిచిపెట్టడానికని, వాటికి రెండో ఇల్లు వెతకాలని వాళ్ళు తిరిగి చూసి 1995లో మధ్యప్రదేశ్‌లోని కునో అడవిని సూచించారు. 2013లో సుప్రీంకోర్టు సింహాల్ని అక్కడికి తరలించమంది. సింహాలు కదల్లేదు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8 చీతాలు వచ్చి దిగాయి. ఆ రోజు టీవీ చూస్తూ నాకు సంతోషం కలగలేదు. అంత శ్రమపడి చేసిన పని అలా పక్కన పడి ఉండటం చూస్తే కడుపులో తిప్పినట్టైంది. రాజాజీ, కార్బెట్ అడవుల మధ్య ఏనుగులు గంగ దాటి నడిచే దారి కోసం కూడా ఆయన ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు.

కాలేజీలో ప్రమోషన్ల కోసం ఎన్ని పేపర్లు, ఏ పత్రిక, ఎన్నిసార్లు ఉటంకించారు అని లెక్కలు రాసే రోజులొచ్చాయి. ఆ ఫారాలు నింపుతుంటే ప్రతిసారీ అమ్మమ్మ వత్తులు చేసే చెయ్యి గుర్తొచ్చేది. ఆవిడ ఏ గడిలో పడుతుంది?

నా పాఠాలు మాత్రం ఆ నోట్‌బుక్కులోంచే నడిచాయి. నల్లమలకి ప్రతి ఏడూ వెళ్ళలేం కాబట్టి ఊరి పక్కన ఉప్పలపాడు చెరువుకి పిల్లల్ని తీసుకెళ్ళేదాన్ని. సర్కారు తుమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టే చెరువు అది. పిల్లలు మొదట ఫొటోలు తీసేవాళ్ళు. నేను ఒక తుమ్మచెట్టు చూపించి, దీని మీద గూళ్ళెన్ని, ఎన్నింట్లో పిల్లలున్నాయి, తల్లి ఎటు నుంచి వస్తోంది, ఎంతసేపటికి వస్తోంది అని రెండు గంటలు కూర్చోబెట్టేదాన్ని. గంటకల్లా సగంమంది విసుక్కునేవాళ్ళు. మిగిలినవాళ్ళలో ఒకళ్ళో ఇద్దరో చెరువుని నిజంగా చూడటం మొదలుపెట్టేవాళ్ళు.

ఒక పాఠం మాత్రం మార్చుకోవాల్సి వచ్చింది. రాబందులు దిగినచోటికి వెళ్ళి చూడమని చెప్పే పాఠం. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే ఆకాశం నల్లబడేది. 1990ల చివరికి అవి కనిపించడం మానేశాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వాటి మూత్రపిండాల్ని దెబ్బతీస్తోందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్యలో వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. జాన్‌సింగ్‌గారికి దారి చూపించిన ఆకాశం నా విద్యార్థులకి లేదు.

రేచుకుక్కలకీ మంచి రోజులు రాలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇనాములు పోయాయి గాని, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో 2004 నుంచి అవి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. 2015 అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని కనగల పెద్దవి 949 నుంచి 2,215 మధ్య ఉన్నాయి. ఒక పెద్ద కల్యాణమండపంలో పట్టేంత లెక్క.

జాన్‌సింగ్‌గారు 2024 జూన్ 7న బెంగళూరులో పోయారు. ఆయనకి 78 ఏళ్ళు. వార్త చూసినప్పుడు వంటింట్లో ఉన్నాను. స్టవ్వు కట్టేసి వచ్చి కూర్చున్నాను. ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. డెహ్రాడూన్ అడ్రసు ఎప్పుడూ తెలిసిందే, ఒక్క ఉత్తరం రాయలేదు. గుంటూరులో ఫలానా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను, మీ పట్టికలు చేత్తో రాసుకున్నాను అని రాస్తే ఏమనుకుంటారోనని బిడియం. మాస్టారు అప్పటికే లేరు. ఈ కబురు పంచుకోవడానికి మిగిలింది ఆయన భార్య ఒక్కరే. ఫోన్ చేశాను. ఎనభై ఐదేళ్ళ మనిషి. "ఆ కుక్కలాయనేనా" అన్నారు. తర్వాత చాలాసేపు, ఆ చలిలో మాకు ఉప్మా చేసిన పొయ్యి గురించి చెప్పారు.

పోయిన చలికాలం నా పాత విద్యార్థిని నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఉప్పలపాడులో రెండు గంటలూ కదలకుండా కూర్చున్న పిల్ల. ఇప్పుడు అడవుల్లో పనిచేస్తోంది. రెండు దారులు కలిసేచోటు, మట్టి, పక్కన కొలతకి పెట్టిన పెన్ను. కింద, "మేడమ్, ఇది రచ్చబండేనా?" అని రాసింది.

ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పాతవి, దారులు ఏ దిక్కుకి పోతున్నాయి అని అడిగాను. పక్కన ఎవరైనా ఊరి మనిషి ఉన్నాడా అని కూడా అడిగాను.

"ఉన్నారు మేడమ్. లెక్కపెట్టి పంపిస్తాను" అంది.